రేషన్ సంచి కూడా మందే



మామూలుగా ఈ పేజీలో షుగరు, బి.పి., గర్భిణీల ఆహారం, వర్షాకాలపు జ్వరాలు ఇలాంటి విషయాలు రాస్తుంటాము. ఈసారి మనలో ఎవరమూ చూడని ఒక చోటు గురించి రాస్తున్నాము. కారణం పోయిన నెల స్త్రీల కూడికలో వచ్చిన ఒక మాట. పిడికెడు బియ్యం లెక్క చూసుకుంటూ ఉండగా కరోనా రోజుల ప్రస్తావన వచ్చింది. ఒక చెల్లెలు అడిగింది: "ఇల్లూ వాకిలీ ఉన్న మనకే ఆ రోజుల్లో అంత కష్టమైంది కదా, పట్టాల కింద బతికే శరణార్థుల పిల్లలు ఏం తిని బతికారండీ?" పక్కనున్న అక్క వెంటనే అన్నది: "మన ఊళ్లో లేనివాళ్లకే సరిగా పెట్టలేకపోతున్నాము, వాళ్ల సంగతి మనకెందుకమ్మా?" రెండూ అడగదగిన ప్రశ్నలే. మొదటిదానికి మాకు తెలిసినంత చెబుతాము. రెండోదానికి మా జవాబు దారిలో ఎక్కడో వస్తుంది.

బంగ్లాదేశ్ ఆగ్నేయ కొసన, మయన్మార్ సరిహద్దును ఆనుకుని కాక్స్ బజార్ అనే జిల్లా ఉన్నది. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో ఊళ్లు తగలబడుతుంటే రోహింగ్యా ప్రజలు 7 లక్షల మందికి పైగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ సరిహద్దు దాటారు. అంతకుముందే వచ్చి ఉన్నవారిని కలుపుకుంటే 2020 నాటికి అక్కడి 34 శిబిరాల్లో సుమారు 8 లక్షల 60 వేల మంది ఉన్నారు. వారిలో సగానికి పైగా పిల్లలు. ఏనుగులు తిరిగే అడవి కొండలను చదును చేసి, వెదురుబొంగులు పాతి, పైన టార్పాలిన్ పట్టా కప్పుకున్న ఒంటిగది ఇళ్లు అవి. కుటుపాలాంగ్ అనే పెద్ద శిబిరంలో చదరపు కిలోమీటరుకు సుమారు 40 వేల మంది. నీళ్ల కుళాయి నలుగురిదీ, మరుగుదొడ్డి నలుగురిదీ.

వారు వచ్చిన కొత్తలో, 2017 చివర, పిల్లలను కొలిచి చూస్తే కొన్ని శిబిరాల్లో ఐదేళ్లలోపు బిడ్డలు ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు ఎత్తుకు తగ్గ బరువు లేకుండా చిక్కిపోయి ఉన్నారు. ఇలా చిక్కిపోయిన పిల్లలు వందకు 15 మంది దాటితే అది అత్యవసర పరిస్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సగానికి దగ్గరగా పిల్లలకు రక్తహీనత. అదే చలికాలంలో మనం మరచిపోయిన కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, అక్కడ విరుచుకుపడింది. టీకాలు వేసి, పప్పూ నూనే ఇచ్చి, చిక్కిన బిడ్డలకు ప్రత్యేక ఆహారం పెట్టి, రెండేళ్లలో ఆ సంఖ్యను 11, 12 శాతం దగ్గరకు దించారు. ఎందరో చేసిన పని అది. బంగ్లాదేశ్ ప్రజలను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మొదటి రోజుల్లో లారీలు రాకముందు అన్నం వండి పెట్టింది ఆ పక్క ఊళ్ల పేదవాళ్లే.

అలా కాస్త నిలదొక్కుకున్న చోటికి కరోనా వచ్చింది.

2020 మార్చిలో అమెరికా పరిశోధకులు కొందరు లెక్కకట్టి, ఆ పెద్ద శిబిరంలో వైరస్ పాకితే 2 వేల నుంచి 3 వేల మంది దాకా చనిపోవచ్చునన్నారు. ఒక గుడిసెలో దగ్గితే పక్క గుడిసెలో వినపడే చోట ఆరడుగుల దూరం ఎక్కడి నుంచి తెస్తారు? అందుకని ఏప్రిల్ రెండో వారంలో ప్రభుత్వం శిబిరాలలోకి బయటివారి రాకపోకలను బాగా తగ్గించింది. బయట నుంచి వచ్చే సిబ్బందే రోగాన్ని మోసుకొస్తారన్న భయం అర్థం లేనిదేమీ కాదు. మే 14న శిబిరాల్లో మొదటి కేసు బయటపడింది.

తర్వాత నమోదైన కరోనా మరణాలు ఆ అంచనాల దరిదాపులకు కూడా రాలేదు. పరీక్షలు తక్కువగా జరిగాయి గనుక లెక్కకు రానివి ఉండే ఉంటాయి. జనాభాలో పిల్లలు ఎక్కువ, ముసలివారు తక్కువ కావడం కూడా ఒక కారణం. ఏదేమైనా, వైద్యులుగా, నర్సులుగా మేము ఈ కథలో చూసేది వేరొకటి. మనుషులను తగ్గించవలసి వచ్చినప్పుడు ఏ పని ఆపాలి, ఏ పని ఆపకూడదు అని అక్కడ ఒక జాబితా వేశారు. పిల్లలు చదువుకునే కేంద్రాలు మూతపడ్డాయి. ఇంకా చాలా పనులు ఆగాయి. ఆగకూడని వాటిలో వైద్యం, తిండి, నీళ్లు, వంటగ్యాసుతో పాటు చిక్కిపోయిన పిల్లల చికిత్స కూడా ఉన్నది. ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగుతాము.

చిక్కిపోయిన బిడ్డకు శిబిరంలో చికిత్స అంటే ఇంజెక్షను కాదు, సెలైను కాదు. ఎక్కువమందికి ఒక చిన్న పొట్లం. వేరుశనగ గింజల ముద్ద, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి ఉంటుంది. తూకం 92 గ్రాములు, శక్తి 500 క్యాలరీలు. కొస చింపి బిడ్డ నోట్లో పెట్టడమే. వండనక్కరలేదు, నీళ్లు కలపనక్కరలేదు. నీళ్లు కలపనక్కరలేకపోవడమే దాని గొప్ప. శిబిరంలో బిడ్డకు విరేచనాలు తెచ్చేది ఆ నీళ్లే గనుక. ఏడు కిలోల బిడ్డకు రోజుకు రెండు మూడు పొట్లాలు, కొన్ని వారాలపాటు ఇస్తారు. మనం పిల్లలకు చేసిపెట్టే పల్లీ ఉండకు పెద్దన్నయ్య అనుకోండి. ఇంతకంటే కొంచెం తక్కువ చిక్కినవారికి గోధుమ, సోయా కలిపిన పిండి ఇస్తారు. మన అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం లాంటిదే.

మామూలు రోజుల్లో తల్లి వారానికొకసారి బిడ్డను తెచ్చి తూకం వేయించుకుని పొట్లాలు తీసుకువెళ్లేది. కరోనా వచ్చాక గుంపు తగ్గించడానికి రెండు వారాల పొట్లాలు ఒకేసారి ఇచ్చారు. చికిత్స ఆగలేదు. కానీ ఏ బిడ్డ చిక్కిపోయిందో ఇంటింటికీ వెళ్లి చూసే మనుషులు తగ్గారు, ఉన్నవారు బిడ్డలను తాకకూడదు. ఇక తెలిసేదెలా?

అప్పుడు చేసిన పని చాలా చిన్నది. కొలిచే టేపును తల్లుల చేతికి ఇచ్చారు. మీలో కొందరు దానిని చూసే ఉంటారు. బిడ్డ ఎడమ చేతికి, భుజానికి మోచేతికి సరిగ్గా మధ్యలో చుట్టే సన్నని పట్టీ. మూడు రంగులుంటాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ దండ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు, ఆ పైన ఉంటే ఆకుపచ్చ. 11.5కీ 12.5కీ మధ్య పసుపు. 11.5 కంటే తక్కువైతే ఎరుపు, ఆ బిడ్డను వెంటనే చూపించాలి. దీనికి చదువు అక్కరలేదు, రంగు తెలిస్తే చాలు. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి గుంట పడుతుందేమో చూడడం కూడా నేర్పారు. గుంట పడితే ఆ బిడ్డ లావుగా కనిపించినా అది నీరే, బలం కాదు. శిబిరాల్లో రోహింగ్యా ప్రజలలోనుంచే ఎంచుకున్న ఆరోగ్య కార్యకర్తలు వెయ్యి మందికి పైగా ఉన్నారు. గడప బయట నిలబడి వాళ్లు చెబుతుంటే లోపల తల్లి కొలిచేది.

మేము ఈ సంగతి చదివినప్పుడు మాలో మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఎందుకో చెప్పాలి.

మా ఆసుపత్రిలో ప్రతి బుధవారం ఐదేళ్లలోపు పిల్లల తూకం రోజు అని మీకందరికీ తెలుసు. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడు మేము మొదట మూసింది ఆ గదినే. జ్వరాల గది తెరిచి ఉంచాము, కాన్పుల గది తెరిచి ఉంచాము. తూకం గదికి తాళం వేసి, అందులో మాస్కుల పెట్టెలు పెట్టుకున్నాము. గేటు దగ్గర "జ్వరం, అత్యవసరం మాత్రమే" అని బోర్డు పెట్టాము. ఎవరూ మమ్మల్ని అలా చేయమనలేదు. మాకే అది అత్యవసరంగా తోచలేదు. అక్టోబరులో గది తెరిచిన వారంలో ఒక తల్లి బిడ్డను తెచ్చింది. కార్డు మీద ఫిబ్రవరిలో, 11 నెలల వయసులో, 8 కిలోల 200 గ్రాముల దగ్గర ఒక చుక్క ఉన్నది. ఆ తర్వాత ఖాళీ. అక్టోబరులో తూకం 7 కిలోల 900. కిలోన్నర దాకా పెరగవలసిన కాలంలో బిడ్డ తగ్గింది. దండ 11.9, పసుపు రంగు. మధ్యలో రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయట. తండ్రికి నాలుగు నెలలు పని లేదు. "గేటు దాకా వచ్చి బోర్డు చదివి వెళ్లిపోయాను సిస్టరమ్మా, బిడ్డకు జ్వరం లేదు కదా" అన్నది ఆ తల్లి. మాకు జవాబు లేదు. బిడ్డ తేరుకున్నది, ఇప్పుడు బడికి వెళుతున్నది. అయినా ఆ కార్డు మీది ఖాళీ మాదే.

వెదురు గుడిసెల మధ్య, లక్షల మంది నడుమ తెరిచి ఉంచగలిగిన గదిని, సిమెంటు కట్టడంలో, జీతాలు తీసుకునే మేము మూసివేశాము. మా అభిప్రాయం ఆ రోజు నుంచి గట్టిపడింది. మహమ్మారి వచ్చినప్పుడు చిక్కిన బిడ్డల గది జ్వరాల గదితో సమానం. దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు.

ఇది జాలి కొద్దీ అంటున్న మాట కాదు. ఒంట్లో జరిగే పనే అలాంటిది. తిండి చాలని బిడ్డ పేగు లోపలి పొర పలచబడుతుంది, క్రిములు లోపలికి రావడం తేలికవుతుంది. రోగంతో పోరాడే కణాలు తయారుకావడానికి మాంసకృత్తులు, జింకు, ఏ విటమిను కావాలి, అవి ఉండవు. విరేచనాలు వస్తాయి, ఆకలి చచ్చిపోతుంది, తిన్నదీ నిలవదు, ఇంకా చిక్కిపోతుంది. ఇంకో రోగం వస్తుంది. ఈ గానుగలో పడి తీవ్రంగా చిక్కిపోయిన బిడ్డకు మామూలు బిడ్డతో పోలిస్తే చావు ముప్పు పది రెట్లకు పైగా ఎక్కువ. లోకంలో ఐదేళ్లలోపు చనిపోయే పిల్లలలో దాదాపు సగం మరణాల వెనక పోషకాహార లోపం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మరణ పత్రం మీద మాత్రం న్యుమోనియా అనో విరేచనాలు అనో రాస్తాము. ఆకలి అని రాయడానికి ఆ పత్రంలో గడి లేదు.

శిబిరాల్లో తిండి కూడా మారింది. అంతకుముందు ఒక్కో కుటుంబానికి కార్డులో నెలకు ఇంత అని డబ్బు వేస్తే, శిబిరంలోని అంగళ్లలో బియ్యం, పప్పు, నూనెతో పాటు కూరగాయలో గుడ్లో ఎండుచేపలో తమకు కావలసినవి ఎంచుకునేవారు. గుంపులు కూడకుండా ఉండడానికి 2020లో ఆ ఎంపిక తగ్గించి, ముందే కట్టిన సరుకుల సంచి నెలకొకసారి ఇచ్చారు. ఆ రోజుల్లో అది సరైన పనే అని మేము అంటాము. కానీ సంచిలో నెలరోజులు నిలవ ఉండేవే పెడతారు. ఆకుకూర నెలరోజులు నిలవ ఉండదు. కడుపు నిండుతుంది, రక్తం పట్టదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేయాలి. 1990లో ఆఫ్రికాలోని మలావి దేశంలో మొజాంబిక్ నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు దాదాపు పది లక్షల మంది ఉండేవారు. వారి రేషన్‌లో మొక్కజొన్న, బీన్సు, నూనెతో పాటు వేరుశనగలు ఇచ్చేవారు. కొన్ని నెలలు వేరుశనగల సరఫరా ఆగింది. అంతే. మెడ చుట్టూ కాలినట్టు నల్లని పట్టీ, చేతుల మీద పగిలిన చర్మం, విరేచనాలు, మతిమరుపు. పెల్లాగ్రా అనే జబ్బు. దాదాపు 18 వేల మందికి వచ్చింది. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిను ఒంటికి పట్టే రూపంలో ఉండదు. అది వేరుశనగల నుంచే అందేది. ఈ జబ్బు మనకు కొత్తది కాదు. దక్కను ప్రాంతంలో జొన్న తప్ప ఇంకేమీ దొరకని పేదలలో కూడా ఉండేది. నేడు హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న చోట డాక్టర్ సి. గోపాలన్ గారు, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దాని మీద పరిశోధన చేశారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు, దయచేసి రేపటి నుంచి జొన్నరొట్టె మానవద్దు. ఏదైనా ఒక్కటే తినవలసి రావడమే చెడ్డది. శరణార్థికి ఆ సంచి తప్ప వేరే తిండి లేదు. మనకు పల్లీలు దొరకకపోతే ఇంకేదో కొనుక్కుంటాము. వాళ్ల సంచిలోనుంచి ఒక్క సరుకు తీసివేస్తే ఒక జబ్బు పుట్టుకొస్తుంది. అందుకే సంచి కూడా మందే అంటున్నాము. మందు మోతాదు డబ్బు లేదని సగం చేయము కదా.

భయం సంగతి కూడా ఉన్నది. పరీక్షలో కరోనా అని తేలితే ఎక్కడికో తీసుకుపోతారు, చంపేస్తారు అని శిబిరాల్లో పుకారు పుట్టింది. జ్వరం ఉన్నా చాలామంది ఆసుపత్రికి రాలేదు. 2019 సెప్టెంబరు నుంచి 2020 ఆగస్టు చివరి దాకా అక్కడ మొబైల్ ఇంటర్నెట్‌ను కట్టడి చేశారు. నిజం తెలుసుకునే దారి మూస్తే పుకారుకు ఎదురేముంటుంది? వాళ్లను అమాయకులు అనుకోనక్కరలేదు. మన వీధుల్లో అంబులెన్సు ఆగితే తలుపులు వేసుకున్న రోజులు మనకూ గుర్తే.

పాలిచ్చే తల్లుల విషయంలో మన దగ్గరా పొరపాటు జరిగింది. కరోనా వచ్చిన తల్లి నుంచి బిడ్డను వేరుచేసి డబ్బా పాలు పట్టారు కొన్ని చోట్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుంచీ చెప్పింది వేరు. తల్లి మాస్కు పెట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని తన పాలే ఇవ్వాలి. శుభ్రమైన నీళ్లు లేని శిబిరంలో పాలసీసా అంటే బిడ్డకు విరేచనాలు కొనిపెట్టడమే. మన ఇళ్లలోనూ అంతే.

2021 మార్చి 22న బాలుఖాలీ శిబిరంలో మంటలు లేచి కనీసం 15 మంది చనిపోయారు, 45 వేల మందికి నీడ పోయింది. కరోనా మధ్యలోనే ఇది. అదే ఏడాది ఆగస్టు 10న పెద్ద వయసువారితో టీకాలు మొదలుపెట్టారు. ఇవన్నీ దాటుకుని వచ్చారు. తర్వాత జరిగినది చూడండి.

2023 మార్చి 1 దాకా ఒక్కొక్కరికి తిండికి నెలకు 12 డాలర్లు ఇచ్చేవారు. అప్పటి లెక్కలో సుమారు వెయ్యి రూపాయలు. నిధులు చాలక ఆ రోజు నుంచి 10 డాలర్లు చేశారు. మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మనమంతా ఊపిరి పీల్చుకున్నాము. జూన్ 1న శిబిరాల్లో ఆ 10ని 8 డాలర్లు చేశారు. రోజుకు ఒక మనిషికి సుమారు 22 రూపాయలు. మన దగ్గర ఆ రోజుల్లో మూడు నాలుగు కోడిగుడ్ల ధర అది. అందులోనే మూడు పూటలు గడవాలి. ఆ ఏడాది చివరకు చిక్కిన పిల్లలు 15.1 శాతానికి చేరారు. కష్టపడి దించినది మళ్లీ అత్యవసర గీత దాటింది. మహమ్మారి చేయలేనిది కోత చేసింది.

2024లో మెల్లగా పెంచి ఆగస్టుకు పన్నెండున్నర డాలర్లు చేశారు, బియ్యంలో విటమిన్లు కలిపారు. 2025 మార్చిలో 6 డాలర్లకు తగ్గిస్తామని ప్రకటించి, అదే నెలలో నిధులు అంది 12 దగ్గర ఆపారు. ఇలా ప్రతిసారీ ఆఖరి గడియ దాకా బిడ్డల అన్నాన్ని ఊగిసలాడించడం మాకు నచ్చని సంగతి. ఇది ఒక్క చోటి కథ కూడా కాదు. ఉగాండాలో శరణార్థుల రేషన్‌కు 2020 ఏప్రిల్‌లోనే, లోకమంతా తలుపులు మూసుకున్న నెలలోనే, 30 శాతం కోత పడింది.

ఎన్నాళ్లని పెడతాము, పని చేసుకోవచ్చు కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ అదే అంటాము. చేసుకోనివ్వాలి. శిబిరం చుట్టూ ముళ్లకంచె ఉన్నది, బయటకు వెళ్లి కూలి చేసుకునే అనుమతి లేదు. పని చేయనివ్వకపోతే తిండి పూర్తిగా పెట్టాలి. తిండి పెట్టలేకపోతే పని చేయనివ్వాలి. రెండూ మూసేసి బిడ్డ తూకం తగ్గిందని చార్టు గీయడం ఏ వైద్యమూ కాదు.

ఇప్పుడు ఆ అక్క ప్రశ్న. మనకెందుకు?

రఖైన్ అని ఇప్పుడు అంటున్న ప్రాంతాన్ని పూర్వం అరకాన్ అనేవారు. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది ఓడలెక్కి రంగూన్ వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేశారు. రంగం వెళ్లారు అనేవారు మన ముసలివాళ్లు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కాలినడకన పారిపోయారు. వారిలో తెలుగువాళ్లు ఎందరో. ఒక దారి అరకాన్ కొండలు దాటి, సముద్రతీరం వెంట చిట్టగాంగ్ చేరేది. కాక్స్ బజార్ దానికి కాస్త దక్షిణాన ఉన్నది. ఆ దారిలో కలరా, మలేరియా, ఆకలి వేలమందిని తీసుకుపోయాయి. మళ్లీ 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నప్పుడు ఇంకా ఎందరో చేతిలో ఏమీ లేకుండా తిరిగి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా నిలిచినదే. మా దగ్గర బి.పి. మందులు తీసుకునే ఒక మామ్మగారు అలా చంటిబిడ్డగా ఓడ దిగినవారే. "క్యాంపులో బియ్యం ఇచ్చేవారట సిస్టరమ్మా. మా అమ్మకు పాలు లేవు. పక్క వీధి ఆవిడెవరో నాకు మేకపాలు పోసిందట. ఆవిడ పేరు కూడా మా అమ్మకు తెలియదు" అని చెప్పారు. అక్క ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మా దగ్గర లేదు.

రోహింగ్యాలు దూరంగా బంగ్లాదేశ్‌లోనే లేరు. హైదరాబాదులో బాలాపూర్ చుట్టుపక్కల కొన్ని వేల మంది ఏళ్లుగా ఉంటున్నారు. చెత్త ఏరుకునో, రోజుకూలి చేసుకునో బతుకుతున్నారు. చాలామందికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఉన్నది గానీ ఆధార్ లేదు. లాక్‌డౌన్‌లో చెత్త ఏరే పని ఆగితే ఆ పూట తిండీ ఆగుతుంది. వాళ్లు ఉండాలా వెళ్లాలా అన్నది ప్రభుత్వాలు, కోర్టులు చూసుకునే సంగతి. దానిలో మీకు ఏ అభిప్రాయమైనా ఉండవచ్చు. దండ కొలత ఎర్రరంగులోకి వచ్చిన బిడ్డను కార్డు ఏదని అడగడం మాత్రం మా వృత్తిలో లేదు. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి మన ఇటుకబట్టీలకు వచ్చే కుటుంబాల బిడ్డలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్ల పేర్లు ఏ అంగన్‌వాడీ పుస్తకంలోనూ ఉండవు చాలాసార్లు. 2020లో కేంద్రాలు మూసినప్పుడు మన అంగన్‌వాడీ అక్కలు గుడ్లు, పాలు, బాలామృతం ఇళ్లకు మోసుకెళ్లి ఇచ్చారు. ఆ మేలు మరువలేనిది. కానీ పుస్తకంలో పేరు లేని ఇంటికి ఆ సంచి వెళ్లలేదు.

మేము చేసినది చెబుతాము. ఇకమీదట ఏ అంటువ్యాధి వచ్చినా బుధవారం తూకం ఆపకూడదని మా ఆసుపత్రి కమిటీ పుస్తకంలో రాసి అందరం సంతకాలు చేశాము. గది లోపల వద్దనుకుంటే వేపచెట్టు కింద బల్ల వేస్తాము. అదీ కుదరకపోతే తల్లులే కొలిచి ఫోన్లో చెప్పేటట్టు ఇప్పటి నుంచే నేర్పుతున్నాము. రంగుల టేపులు తెప్పించి ఉంచాము. పిల్లల గదిలో సిస్టర్‌ను అడిగితే ఇస్తారు, ఎలా చుట్టాలో రెండు నిమిషాల్లో చూపిస్తారు. డబ్బు లేదు. మీ ఇంట్లో ఐదేళ్లలోపు బిడ్డ లేకపోయినా ఒకటి తీసుకువెళ్లండి. మీ వీధి చివర పట్టా గుడిసెలో ఉండేవారి బిడ్డకు చుట్టి చూడండి. పసుపో ఎరుపో వస్తే ఆ తల్లిని బుధవారం ఉదయం 9 నుంచి 12 లోపు వెంటబెట్టుకుని రండి. ఒంటరిగా పంపితే గేటు దగ్గర నుంచి వెనక్కి వెళ్లిపోతుంది. ఆధార్ అడగము.